యోగ్యతాపత్రము



గడచిన వేసవిలో అరకులోయనుండి నా పూర్వశిష్యుడొకడు నన్ను చూడవచ్చెను. వాడు కొండదొర తెగకు చెందినవాడు. నేను మన్యపు పాఠశాలలో తెలుగు పండితుడనుగా ఉన్న కాలమున వానికి సంధులు, సమాసములు చెప్పితిని. వాడిప్పుడొక కార్యాలయమున తాత్కాలికపు కొలువులో కంప్యూటరుపై వ్రాతపని చేయుచున్నాడు. నలుగురు గుమాస్తాలు మూడు దినములు కూర్చుండి తయారుచేయు నెలసరి పట్టికలను ఒక్క మీట నొక్కి అరగడియలో ముగించు ఉపాయమును వాడు తనంతట తానే కల్పించెను. అట్టి కల్పనకు ఆ విద్యలో 'మాక్రో' అని పేరు. ఇంత చేసినను, స్థిరమైన కొలువునకై పిలుపు వచ్చిన దినమున ఎదుట కూర్చున్నవారు, "ఈ పని నీకు వచ్చునని చెప్పు పత్రమేది?" అని అడిగిరట.

"మాస్టారూ, పని చేసి చూపెదనంటిని. చూచుటకు వారికి తీరిక లేకపోయినది. ఈ విద్యకు పరీక్ష ఎక్కడ ఉన్నది? ఎవరిచ్చిన పత్రము చెల్లును? మీరు చెప్పవలెను" అని వాడు నన్నడిగెను.

నేను వ్యాకరణము చదివినవాడను. యంత్రవిద్య నాకు దూరము. ఐనను శిష్యుడు అడిగిన ప్రశ్నకు తెలియదని ఊరకుండుట ఉపాధ్యాయధర్మము గాదు. కొన్ని నెలలు వెదకితిని, తెలిసినవారి నడిగితిని. వెదకినకొలది ఈ ప్రశ్న క్రొత్తది గాదనియు, వ్రాతపని యెంత పాతదో ఈ ప్రశ్నయు అంత పాతదనియు నాకు తోచెను. ఆ చరిత్రయే నేటి నా ప్రసంగమునకు విషయము.

విద్య వేఱు, విద్య యున్నదని లోకము ఒప్పుకొనుట వేఱు. మన పెద్దలకు ఈ భేదము బాగుగా తెలియును. పూర్వము శాస్త్రము చదివిన విద్యార్థికి శలాకపరీక్ష యను పరీక్ష ఉండెడిది. తాళపత్రగ్రంథములో ఇనుప శలాకను గ్రుచ్చుదురు. అది ఏ యాకువఱకు దిగెనో ఆ యాకులోని విషయమును విద్యార్థి అప్పటికప్పుడు వివరింపవలెను. ఏ పుట వచ్చునో ముందుగా ఎవరికిని తెలియదు. గురువు సాయపడలేడు; బంధువు సాయపడలేడు. మన సంస్థానములలో దసరా దినములయందు పండితులను పరీక్షించి సత్కరించు ఆచారము గూడ ఇట్టిదే. సభలో నెగ్గినవానికి లభించిన శాలువయే ఆ కాలపు యోగ్యతాపత్రము.

తరువాత కాలము మారెను. విశ్వవిద్యాలయములు ప్రాచ్యభాషలకు పరీక్షలు పెట్టి విద్వాన్, భాషాప్రవీణ వంటి బిరుదులను ఇయ్యసాగెను. నా సంగతియే చెప్పెదను. నా విద్య గురువుగారి అరుగుమీద వచ్చినది. నా కొలువు మాత్రము భాషాప్రవీణ పత్రము వలనను, పండితశిక్షణ పత్రము వలనను వచ్చినది. గురువుగారి పేరు చెప్పినచో జిల్లాలోని పండితులందఱు తల యూపెడివారు గాని, కొలువిచ్చు కార్యాలయమున ఆ తల యూపుటకు విలువ లేకపోయెను. కావున నా శిష్యుని దుఃఖము నాకు పరాయిది గాదు.

ఇక మన్యమును గూర్చి కొంత చెప్పవలెను. కాగితము కొండలమీదికి ఎట్లు వచ్చెనో తెలియనిచో ఈ ప్రశ్న యొక్క బరువు తెలియదు. 1839వ సంవత్సరమున కంపెనీ ప్రభుత్వమువారు గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములకై ఒక చట్టము చేసిరి. దాని ననుసరించి ఆ ప్రాంతములు సాధారణ న్యాయస్థానముల యేలుబడినుండి తప్పింపబడి, గవర్నరునకు ఏజెంటుగా జిల్లా కలెక్టరు చేతిలో పెట్టబడెను. నేటికిని మనము ఆ సీమను 'ఏజెన్సీ' యని పిలుచుట అందువలననే. కొండలలో ముఠాదారులుండిరి, వారి యధికారమునకు సన్నదులుండెను. 1917లో ఏజెన్సీ భూముల మార్పిడిని గూర్చి ఒక చట్టము వచ్చెను. 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చెను. 1970లో అది మఱింత కట్టుదిట్టము చేయబడెను. 1969లో ముఠాలు రద్దై భూములకు రైతువారీ పట్టాలిచ్చు పద్ధతి ఏర్పడెను.

శ్రోతలు గమనింతురు గాక! సన్నదు కాగితమే, పట్టా కాగితమే, అర్జీ కాగితమే. కొండమీది బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, గదబలు తమలో తాము మాటలాడుకొను భాషలొకటి. ఆ కాగితములలోని భాష మఱియొకటి. కాగితమును వ్రాయువాడు, చదివి చెప్పువాడు, భద్రపఱచువాడు చాలకాలము మైదానమునుండి వచ్చిన గుమాస్తాయే. చట్టమెంత మంచిదైనను, దానిని పట్టికలలోనికి ఎక్కించు చేయి ఎవరిదో దానినిబట్టియే దాని ఫలముండును. కావున కొండబిడ్డ యొకడు వ్రాతపనిలో ఆరితేరుట అనగా ఒక కొలువు దొరకుట మాత్రమే గాదు. తమ యూరి లెక్కను తామే వ్రాసికొను శక్తి ఆ సీమకు కలుగుట. ఈ కారణము చేతనే వాని ప్రశ్న నాకు పెద్దదిగా కనబడెను.

వ్రాతపనికి యోగ్యతాపత్రమిచ్చు పద్ధతి మన దేశమున స్థిరపడినది టైపు యంత్రముతో. పిట్మను దొర 1837లో తన సంక్షిప్తలిపిని ప్రకటించెను. రెమింగ్టను కంపెనీవారు 1874లో టైపు యంత్రములను అమ్మకమునకు తెచ్చిరి. ఈ రెండు విద్యలును కొంతకాలమునకు మద్రాసు రాజధాని కార్యాలయములలో ప్రవేశించెను. చక్కని దస్తూరి గల వ్రాయసకాని స్థానమున యంత్రము నెఱిగిన టైపిస్టు కావలసివచ్చెను. దస్తూరి యైనచో చూచినంతనే తెలియును. యంత్రముపై వేగమెంతో, తప్పులెన్నో చూచినంతనే తెలియదు. అందువలన ప్రభుత్వమే టెక్నికల్ పరీక్షలను నడపవలసివచ్చెను. లోయరు, హయ్యరు అను పేర్లు ఆంధ్రదేశమున ప్రతి మధ్యతరగతి యింటను వినబడినవే. ఆంగ్లమున లోయరునకు నిమిషమునకు ముప్పది మాటలు, హయ్యరునకు నలువదియైదు మాటలు. అయిదు మీటల దెబ్బలు ఒక మాటగా లెక్క. వేగమునకొక పత్రము, ఉత్తరమును, గీతల పట్టికను తీరుగా అమర్చుటకు మఱియొక పత్రము. ఆంధ్రప్రదేశమున నేటికిని సాంకేతిక విద్యాశిక్షణ మండలివారు ఈ పరీక్షలను జరుపుచున్నారు.

ఈ పరీక్ష ఎందుకు నిలిచెను? దాని పత్రమునకు ఇచ్ఛాపురము మొదలు ఆదోని వఱకు ఒకే విలువ ఎట్లు కలిగెను? ఆలోచింపగా నాకు మూడు కారణములు కనబడినవి.

మొదటిది కొలత. నిమిషమునకు నలువదియైదు మాటలనగా పాడేరులోను నలువదియైదే, మద్రాసులోను నలువదియైదే. రెండవది పరీక్షకుని తాటస్థ్యము. యంత్రమును అమ్మిన రెమింగ్టను కంపెనీవారు పత్రమును ఇయ్యలేదు. టైపు నేర్పిన సంస్థ యజమానియు ఇయ్యలేదు. అభ్యర్థి పేరు తెలియని ప్రభుత్వ పరీక్షకుడు సంఖ్యను మాత్రము చూచి యిచ్చెను. మూడవది నియమమున స్థానము. టైపిస్టు కొలువునకు ఈ పరీక్ష నెగ్గవలెనని సర్వీసు నిబంధనలలో పేరు పెట్టి వ్రాయబడెను. కొలత, తాటస్థ్యము, నియమము: ఈ మూడును కూడినప్పుడే కాగితము యోగ్యతాపత్రమగును. ఇందులో ఏ యొకటి లోపించినను అది గోడకు తగిలించుకొను పటమే.

పలుకుబడి లేనివానికి ఈ మూడును మఱింత అవసరము. పట్టణమున మేనమామ గుమాస్తాగా ఉన్నవానికి పత్రము లేకున్నను పరిచయమున్నది. కొండదిగి వచ్చిన పిల్లవానికి పరిచయమెక్కడిది? సంఖ్యను మాత్రము చూచు పరీక్షయే వానికి మేనమామ. ఐతే అప్పుడును ఒక కష్టముండెను. యంత్రములును, నేర్పు సంస్థలును విజయనగరము, విశాఖపట్టణము వంటి ఊళ్లలో ఉండెను. కొండపిల్లవాడు ఘాటుదిగి, ఊరిలో గది అద్దెకు తీసికొని, నెలల తరబడి జీతము కట్టి నేర్వవలెను. పరీక్ష అందఱికిని ఒకటే. పరీక్షకు చేరు దారి మాత్రము ఒకటి గాదు.

గోద్రెజు వారు 1955లో మన దేశపు తొలి టైపు యంత్రమును చేసిరి. అర్ధశతాబ్దము దాటినపిదప ఆ యంత్రముల తయారియే నిలిచిపోయెను. యంత్రము పోయినను మీటల వరుస పోలేదు. అదే వరుస కంప్యూటరు పలకపై నిలిచియున్నది. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. కడపట మఱల దీనితో పని యున్నది.

కంప్యూటరు కార్యాలయమునకు వచ్చినప్పుడు పాత ప్రశ్నయే మఱల లేచెను. వీథివీథిని శిక్షణశాలలు వెలసి, ఎవరికి వారే రంగుల పత్రములు ఇచ్చిరి. కొలతయు లేదు, తాటస్థ్యమును లేదు. ఈ గందరగోళమును తీర్చుటకై 1990లో కేంద్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖవారును కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియావారును కలిసి డోయెక్ అను పరీక్షాపద్ధతిని నెలకొల్పిరి. ఓ, ఏ, బీ, సీ అని నాలుగు మెట్లు. గుర్తింపు పొందిన సంస్థలో చేరి గాని, స్వయముగా చదివికొని గాని పరీక్షకు కూర్చుండవచ్చును. ఈ రెండవ వెసులుబాటు ఏకలవ్యుల కొఱకే పెట్టినట్లున్నది. ఆ సంస్థ పేరు 2011లో నైలిట్ అని మారెను. మన రాష్ట్రమున సర్వీసు కమిషనువారు కొన్ని కొలువులకు కంప్యూటరు ప్రావీణ్యపరీక్ష యని వేఱుగా పెట్టిరి. ఉత్తరము కొట్టుట, పట్టిక వేయుట, సభలో చూపు పలకలను అమర్చుట, ఈమెయిలు పంపుట మొదలగునవి అందలి యంశములు. పూర్వపు లోయరు పరీక్షకు ఇది మనుమరాలని చెప్పదగును.

ఇక మాక్రో యనగా నేమి? గ్రీకు భాషలో 'మక్రోస్' అనగా దీర్ఘమైనది, పెద్దది. ఒక్క చిన్న పేరుతో పిలిచినంతనే అనేకాజ్ఞలుగా విస్తరించు ఆజ్ఞకు ఆ పేరు పెట్టిరి. వ్యాకరణము చదివినవారికి ఇది కొత్తగాదు. పాణిని మహర్షి అచ్చులన్నింటిని మాటిమాటికి లెక్కింపక 'అచ్' అను ప్రత్యాహారముతో పిలిచెను. చిన్న పేరు, పెద్ద పరివారము. మాక్రో యొక్క రహస్యమంతయు ఇంతే.

పద్దుల పట్టికలను వ్యక్తిగత కంప్యూటరుపై వేయు తొలి సాధనమైన విసికాల్కు 1979లో వచ్చినది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అను సాధనముతో గుమాస్తాలకు మాక్రోలు చేతికందెను. 1993లో మైక్రోసాఫ్టువారి ఎక్సెల్ అను సాధనములో విజువల్ బేసిక్ అను భాష చేరెను. బేసిక్ భాషను 1964లో అమెరికాలోని డార్ట్‌మతు కళాశాలలో కెమెని, కర్ట్జ్ అను ఇద్దఱు ఆచార్యులు కల్పించిరి. గణితశాస్త్రమున పండితులు గాని విద్యార్థులకు గూడ యంత్రము వశము కావలెననుట వారి యుద్దేశము. అట్టి భాష గుమాస్తా బల్లపైకి వచ్చుట న్యాయమే.

మాక్రో చేయుటకు రెండు దారులున్నవి. మొదటిది అనుకరణము. మనము చేయుపనిని యంత్రము గమనించి, అడిగినప్పుడు అట్లే తిరిగి చేయును. రెండవది రచన. "ఈ గడిలో తూనిక లేనిచో ఈ వరుసను విడిచి వేఱొక చోట గుర్తు పెట్టుము, ఉన్నచో ధరతో గుణించి గ్రామమువారీగా కూడుము" అని షరతులతో ఆజ్ఞలు వ్రాయుట. అనుకరణము చిలుక పలుకు, రచన విద్య. నా శిష్యుడు చేసినది రెండవది.

ఈ విద్యకు అపకీర్తియు కలదు. 1995లో కాన్సెప్టు అనునదియు, 1999లో మెలిస్సా యనునదియు మాక్రోల రూపముననే వచ్చి లోకమందలి కార్యాలయములను కలతపెట్టెను. అందుచేత ఇంటర్నెట్టు ద్వారా వచ్చిన పత్రములలోని మాక్రోలను ముందుగానే నిలిపివేయు పద్ధతిని మైక్రోసాఫ్టువారు 2022లో ప్రవేశపెట్టిరి. మాక్రోకు నమ్మదగిన సంతకముండుట మేలని నియమము. ఇందులో ఒక వింత గలదు. కృతికి యోగ్యతాపత్రమును యంత్రమే అడుగుచున్నది. కృతికర్తకు యోగ్యతాపత్రమును ఇచ్చువారు మాత్రము అరుదు.

అరుదని ఏల యంటినో చెప్పెదను. ఒకప్పుడు మైక్రోసాఫ్టువారే ఆఫీస్ 2000 సాధనములతోను, విజువల్ బేసిక్ తోను కార్యసాధనములు నిర్మించుటకు 70-091 అను సంఖ్య గల పరీక్షను నడపిరి. నా శిష్యుడడిగిన పరీక్షకు సరిగా సరిపడునది అదియే. కాని ఆ పరీక్ష ఇప్పుడు లేదు. వారే 1997లో ఆఫీసు సాధనముల వాడుకరులకు వేఱొక పరీక్షామాలను ప్రారంభించిరి. దానిలో ఎక్సెల్ ఎక్స్‌పర్టు అను పైమెట్టు పరీక్షలో మాక్రోల ప్రసక్తి కలదు. ఐతే అది చిన్న మాక్రోలను యంత్రముచే నమోదు చేయించుట, పేరు పెట్టుట, కొంత దిద్దుట వఱకే. చిలుక పలుకుకు పరీక్ష కలదు; రచనకు లేదు. మఱియు ఇందు యంత్రసాధనమును అమ్మువారే పత్రమిచ్చువారు. వారు పాత కూర్పును విడిచినప్పుడు పరీక్షను గూడ విడుతురు. రెమింగ్టను కంపెనీ పత్రమిచ్చియుండినచో టైపు పరీక్ష గతి ఏమగునో ఇప్పుడు తెలియుచున్నది.

ఐనచో మార్గమే లేదా? కలదు. మన దేశమున 1950లో వృత్తిపనుల శిక్షణపథకము ప్రారంభమయ్యెను; 1956లో వృత్తిశిక్షణకు జాతీయమండలి ఏర్పడెను. ఐ.టి.ఐ. అని మనము పిలుచు శిక్షణాలయములు ఆ పథకములోనివే. వానిలో కోపా యని ఒక వృత్తి కలదు. కంప్యూటరు ఆపరేటరు మఱియు ప్రోగ్రామింగు సహాయకుడు అని దాని యర్థము. పదవ తరగతి నెగ్గినవారికి ఒక సంవత్సరపు చదువు. 2014లో సవరించిన దాని పాఠ్యక్రమమున విజువల్ బేసిక్ తో ఆఫీసు సాధనములకు ఆజ్ఞలు వ్రాయుట ఒక పాఠముగా చేరినది. ఈ పత్రము జాతీయవృత్తిపత్రము. అమ్మకపువారితో సంబంధము లేదు, దేశమంతట చెల్లును, కొలువుల ప్రకటనలలో పేరున్నది. నైలిట్ వారి ఓ మెట్టునకును ఇట్టి గౌరవమే కలదు. అందు మాక్రోలు ప్రధానము గాకున్నను ఆజ్ఞలు రచించు శాస్త్రమున్నది.

మఱియొక దారి యున్నది. 2013 డిసెంబరులో కేంద్రప్రభుత్వము జాతీయ నైపుణ్యార్హతల చట్రమును ప్రకటించెను. బడిలో గాక పనిలో నేర్చినదానికి గూడ పరీక్షించి పత్రమీయవచ్చునను సూత్రమును అది అంగీకరించినది. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల వికాస పథకమున పూర్వాభ్యాసపు గుర్తింపు అను పేరుతో ఇది ఆచరణకు వచ్చెను. అరుగుమీది విద్యకు ప్రభుత్వము తలుపు తెఱచినదని దీని భావము.

కావున నా శిష్యునకు నేనిట్లు చెప్పితిని: "నాయనా, మాక్రో యని పేరు పెట్టి చెల్లుబాటగు ప్రత్యేకపత్రము కొఱకు వెదకి కాలము పోగొట్టుకొనకుము. కోపా గాని, ఓ మెట్టు గాని, తటస్థుడిచ్చు విశాలమైన పత్రము నొకదానిని సంపాదించుము. అది నిన్ను గడప దాటించును. గడప లోపల నిలువబెట్టునది నీ పని. నీవు వ్రాసిన మాక్రోలలో మంచివి అయిదింటిని ఏఱి, అవి ఏ పనిని ఎన్నిదినములనుండి ఎంతకు తగ్గించెనో ఒక్కొక్క పుటలో తేటతెలుగున వ్రాసి, నీ పై యధికారిచే సంతకము చేయించుకొనుము. ఐతే అందులో ఇతరుల పేర్లు, ఖాతాలు ఉండరాదు. చూపుటకు కల్పితపు పద్దులు పెట్టుము."

వాడు కొంతసేపు ఊరకుండి, "మాస్టారూ, ఇన్నాళ్లు చేసిన పనికి మఱల ఒక సంవత్సరము బడిలో కూర్చుండవలెనా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు నాయొద్ద మంచి సమాధానము లేదు. "ఓ మెట్టునకు ఇంటనుండి చదివి కూర్చుండవచ్చును గదా" యని మాత్రము అంటిని. వాని ముఖమున తృప్తి కనబడలేదు. వాడు తృప్తి పడకుండుట న్యాయమే.

ఎందుకనగా లోపము వానియందు లేదు. టైపునకు కొలతను కల్పించి, పరీక్ష పెట్టి, నియమములో వ్రాసిన ప్రభుత్వము ఈ విద్యకు గూడ ఆ మూడింటిని కల్పింపవచ్చును. పరీక్ష ఎట్లుండవలెనని యెవరైన అడిగినచో, శలాకపరీక్షను జ్ఞాపకము చేయుదును. అభ్యర్థికి ఎన్నడును చూడని పద్దుల కట్ట నొకదానిని ఇయ్యవలెను. అందు కొన్ని గడులు ఖాళీగా, కొన్ని పేర్లు రెండుసార్లు, కొన్ని తేదీలు తప్పుగా ఉండవలెను. రెండు గంటలలో దానినుండి తప్పులేని పట్టికను తీయు మాక్రోను వ్రాయుమనవలెను. తరువాత పరీక్షకుడు వేఱొక కట్టను అదే మాక్రోకు ఇచ్చి చూడవలెను. రెండవ కట్టకు గూడ సరియైన ఫలమిచ్చినచో అభ్యర్థి నెగ్గినట్లు. ఇందులో కంపెనీ పేరుతో పని లేదు. కూర్పు సంఖ్యతో పని లేదు. మఱియు ఈ పరీక్షను అరకులోను, పాడేరులోను పెట్టవలెను. పిల్లవాడు ఘాటు దిగుటకు మాఱు, పరీక్షయే ఘాటెక్కవలెను. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ప్రారంభమై కార్యాలయమే కొండపైకి ఎక్కినది గదా! పరీక్ష ఎక్కలేకుండుటకు కారణము కనబడదు.

ఈ మాక్రోల భాషయు శాశ్వతము గాదని కొందఱందురు. నిజమే. ఎక్సెల్ లోనే పైథాను అను వేఱొక భాష ప్రవేశించినది. ఐతే ముందు నేను జ్ఞాపకముంచుకొమ్మని కోరిన సంగతిని ఇప్పుడు తలచుకొనుడు. టైపు యంత్రము పోయెను, మీటలపై చేయి పోలేదు. అట్లే చేయవలసినపనిని ముక్కలుగా విడదీసి, షరతులను గుర్తించి, క్రమముగా ఆజ్ఞాపించు బుద్ధి ఏ భాషలోనైనను పనికివచ్చును. పరీక్ష ఆ బుద్ధికి జరుగవలెను.

తుదకొక్క మాట. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గింజ ఏ కొండపై పండెనో, ఎట్టిదో చెప్పు పత్రము దానికున్నది. దానివలన దూరదేశపు కొనుగోలుదారుడు గూడ దానిని నమ్ముచున్నాడు. ఆ గింజలను పండించు రైతుల పద్దులను చక్కదిద్దగల కొండబిడ్డకు మాత్రము తన నేర్పును చెప్పు పత్రమింకను దొరకలేదు. గింజకు చేసిన న్యాయమును బిడ్డకు గూడ చేయుట పెద్దపని గాదు.

నా శిష్యుడు గత మాసమున ఓ మెట్టు పరీక్షకు దరఖాస్తు పెట్టితినని జాబు వ్రాసెను. దానితోపాటు తాను వ్రాసిన అయిదు మాక్రోల వివరమును తెలుగున వ్రాసి, దిద్దిపంపుమని కోరెను. మాక్రోలను దిద్దుట నావలన గాదు. తెలుగును దిద్ది పంపితిని. రెండు సంధులు తప్ప దిద్దవలసినదేమియు లేకపోయెను.